మూడో డబ్బా, పదకొండో మూత

"ఈ రెండు పెట్టెల్లో ఏమున్నాయి పెద్దాయనా?" అన్నాడు కండక్టరు.

"విమానాలు," అన్నాడు ఆ ముసలాయన, చాలా మామూలుగా.

బస్సులోని తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. కండక్టరు టిక్కెట్ల కట్ట చంకలో పెట్టుకుని తల గోక్కున్నాడు. "ఎగిరేవా, బొమ్మలా?"

"ఎగిరేవే. కాకపోతే కరెంటుండాలి."

"సరసాలొద్దు. పెట్టెకో టిక్కెట్టు తియ్యాలి. లేదూ, విమానాలేగా, వాటినే ఎగిరి రమ్మను."

"పెట్టెకో టిక్కెట్టు తీస్తే పెట్టెకో సీటిస్తావా నాయనా?" అంది ముసలాయన పక్కనున్న ఆవిడ, ఒళ్ళో భోజనం క్యారేజీ సర్దుకుంటూ. "నిలబడ్డ పెట్టెకి టిక్కెట్టేమిటి?"

జనం గొల్లుమన్నారు. కండక్టరు కూడా నవ్వాపుకోలేక ముందుకి వెళ్ళిపోయాడు. నాకు సీటు దొరకలేదు. నడవలో ఉన్న ఆ ఇనప పెట్టె మీద కూర్చోవచ్చా అని అడిగాను.

"కూర్చోండి మాస్టారూ. కాస్త తేలిగ్గా కూర్చోండి. మీ కింద ఏడో రీలుంది. అందులో హీరో కాఫీ తాగుతూ ఉంటాడు," అన్నాడు ముసలాయన.

నేను మాస్టార్ని కాను. కానీ తెల్లగడ్డమూ, సంచిలో నాలుగు పుస్తకాలూ ఉన్నవాణ్ని లోకం మాస్టారనే పిలుస్తుంది. దిద్దే ఓపిక ఎప్పుడో పోయింది. ఊళ్ళు తిరగడం నాకు జబ్బు. ఎక్కిన బస్సు ఎక్కడికి పోతుందో తెలిస్తే నిద్ర ముంచుకొస్తుంది, తెలియకపోతే కళ్ళు విచ్చుకుంటాయి. ఆ రోజు బోర్డు చూడకుండానే ఎక్కాను.

ఆయన్ని ఊళ్ళో అందరూ ఆపరేటరు అనే అంటారట. అసలు పేరు కావాలంటే భార్య కూడా గుర్తింపు కార్డు తీసి చూడాల్సిందే. నలభై ఏళ్ళు ఒకే సినిమా హాల్లో, పైన క్యాబిన్ అనే ఇరుకు గదిలో, రెండు ప్రొజెక్టర్ల మధ్య నిలబడి సినిమాలు వేశాడు. కార్బన్ కడ్డీలు మండి వెలుగిచ్చే కాలం అది. కుడిచేతి వేళ్ళ మీద చిన్న చిన్న మచ్చలు అందుకు సాక్ష్యం. అరచేతంత గాజు కిటికీలోంచి తెర చూసీ చూసీ మెడ ఎడమవైపుకి వాలిపోయింది. నిటారుగా నిలబడినా ఎవరి మాటో పొంచి వింటున్నట్టు కనిపిస్తాడు.

ఇంకో విచిత్రం, ఆయన కాలాన్ని రీళ్ళలో కొలుస్తాడు. ఒక రీలంటే పదకొండు నిమిషాలు.

"ఊరెంత దూరం?" అని నేనడిగితే, "ఎనిమిది రీళ్ళు. మధ్యలో ఇంజను వేడెక్కితే తొమ్మిది," అన్నాడు.

"ఈయనకి పెళ్ళిచూపులు రెండు రీళ్ళు, పెళ్ళి నాలుగు రీళ్ళు," అంది భార్య. "మా పెద్దాడి కాన్పుకి హాలు నుంచి పరిగెత్తుకొచ్చి, డాక్టరమ్మని పట్టుకుని ఇంకెన్ని రీళ్ళు పడుతుందండీ అన్నాడు అన్నయ్యగారూ. ఆవిడ మత్తుమందు నాకివ్వాలా ఈయనకివ్వాలా అని చూసింది."

"నా మానాన నేనున్నా వదలదు," అన్నాడాయన సంతోషంగా.

పెట్టెల్లో ఉన్నది విమానాల సినిమా రెండో భాగం. మొదటి భాగం సంగతి మీలో కొందరికైనా గుర్తుండాలి, ఆ రోజుల్లో యుద్ధవిమానాల సినిమా అంటే అదే. విమానం పక్కకి వాలితే హాల్లో జనమూ పక్కకి వాలేవారట. నేల టిక్కెట్టు వాళ్ళు ఎడమకీ, బాల్కనీ వాళ్ళు కుడికీ వాలి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. తలకిందులుగా ఎగిరే ఘట్టంలో సోడాలమ్మేవాడు సీసాల బుట్టని రెండు చేతులతో పట్టుకునేవాడు. నాలుగు నెలలాడింది. ఆ నాలుగు నెలల్లో ఆ ఊళ్ళో పుట్టిన మగపిల్లలందరి ముద్దుపేరూ పైలట్టే.

అలాంటి సినిమాకి రెండో భాగం వస్తుందంటే ఊరు ఊరంతా ఎదురుచూడదూ?

రెండో భాగాలతో నాకు పాత పేచీ ఉంది. నేను చదివిన నవలల్లో, మొదటి భాగం చివర గుర్రమెక్కి సూర్యుడికెదురుగా వెళ్ళిపోయిన వీరుడు, రెండో భాగం మొదట్లో ఆ గుర్రానికి గడ్డెక్కడ దొరుకుతుందా అని తిరుగుతూ ఉంటాడు. ఊళ్ళూ అంతే. మొదటిసారి మనసు దోచిన ఊరికి రెండోసారి వెళ్ళకూడదు. వెళ్ళితే ఆ ఊళ్ళో దోమలుంటాయని తెలుస్తుంది. ఇదంతా ఆపరేటరుతో అన్నాను.

"దోమలైతే నయమే మాస్టారూ," అన్నాడాయన. "మా హీరో రెండో భాగంలో ఆఫీసరైపోయాడు. బల్ల దగ్గర కూర్చుని సంతకాలు పెడతాడు. కాఫీ తాగుతాడు. పై అధికారితో పోట్లాడతాడు, మళ్ళీ వచ్చి కాఫీ తాగుతాడు. మూడో రీల్లో నల్లబల్ల మీద సుద్దముక్కతో విమానం బొమ్మ గీసి, రెక్క మీంచి గాలి ఎలా పోతుందో కొత్తవాళ్ళకి పాఠం చెబుతాడు. రీలంతా పాఠమే! గాలి కోసం డబ్బిచ్చి రావాలా, బయట కూర్చుంటే ఊరికే రాదా అని మా మంగలి కుర్చీ ఎక్కి అరిచాడు. విమానం గాల్లోకి లేచేది పదకొండో రీల్లో. లేచింది, దెబ్బ తింది, సముద్రంలో పడింది. పన్నెండో రీల్లో తలకి కట్టు కట్టుకుని మళ్ళీ ప్రత్యక్షం. పదమూడులో మళ్ళీ ఎగురుతాడు. పద్నాలుగులో సెల్యూట్. అంతే."

మొదటిరోజు హాలు కిటకిటలాడింది. రెండోరోజు ముందు వరసలో ఒక కుక్క పడుకుంది, దాన్ని లేపేవాడు కూడా లేడు. హాలు యజమాని ఈవిడ అన్నగారే. ఆయన గేటు దగ్గర బుగ్గన చెయ్యి పెట్టుకుని నిలబడి, "బావా, ఇంకో రెండు రోజులు చూసి ఎత్తేద్దాం," అన్నాడట. మిగతా ఊళ్ళలో వారం తిరక్కుండానే ఎత్తేశారు.

"మరి మీ ఊళ్ళో?"

"యాభై రోజులు," అంది భార్య, గర్వంగా.

ఆపరేటరు కిటికీలోంచి బయటికి చూశాడు.

అనుకున్నట్టే ఘాట్ రోడ్డు మలుపులో ఇంజను వేడెక్కింది. బస్సు ఆపి, డ్రైవరు బకెట్టుతో నీళ్ళ కోసం వెళ్ళాడు. క్యారేజీ గిన్నెలు కడుక్కొస్తానని ఆవిడ కొళాయి వెతుక్కుంటూ దిగింది. ఆవిడ మలుపు తిరిగేదాకా చూసి, ఆపరేటరు జేబులోంచి ఒక ఉత్తరం తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ సినిమా తీసిన డైరెక్టరు రాసింది. అక్షరాలు వణుకుతున్నాయి. ఇప్పుడాయన ఒక సినిమా బడిలో పాఠాలు చెబుతున్నాడు. రెండో భాగం ప్రింట్లన్నీ పాడైపోయాయి, మూతపడిన మీ హాలు తాలూకు ప్రింటు ఒక్కటే మీ మంచం కింద ఉందని తెలిసింది, దాన్ని పట్టుకుని మీరే రావాలి, నా పిల్లలకి చూపించాలి. చివర ఇలా ఉంది: "నా సినిమాని ఆదరించిన ఊరు మీదొక్కటే. ఆ మాట నేను మరిచిపోలేదు."

"మంచి ఉత్తరమే కదా!" అన్నాను.

"మంచి ఉత్తరమే. అదే బాధ," అన్నాడు. "మాస్టారూ, మా ఊరు ఆదరించింది ఆయన సినిమాని కాదు."

మూడోరోజు వాన కురిసింది. క్యాబిన్ కప్పు కారి రీలు డబ్బాలు తడిశాయి. డబ్బాకి నంబరు ఉండేది మూత మీద. ఆపరేటరు మూతలన్నీ తీసి, తుడిచి, కిటికీలో ఆరబెట్టి, కారే చోట పెంకు సర్దడానికి కప్పెక్కాడు. ఆ సమయానికే భార్య భోజనం తెచ్చింది. నోళ్ళు తెరుచుకుని పడున్న పద్నాలుగు డబ్బాలు చూసింది. ఇల్లాలి చెయ్యి ఊరుకుంటుందా? చేతికందిన మూత అందినట్టు పెట్టి, క్యారేజీ బల్ల మీద ఉంచి వెళ్ళిపోయింది. అదృష్టమో మరేమో, పన్నెండు మూతలు వాటి డబ్బాల మీదే పడ్డాయి. మూడూ పదకొండూ మాత్రం తారుమారయ్యాయి.

"రీలు మొదట్లో తెల్ల ఫిల్ము మీద కూడా నంబరుంటుంది. రోజూ అదే చూస్తాను. ఆ రోజు కరెంటు పోయి వచ్చి, మ్యాట్నీకి ఆలస్యమైంది, వానకి తలదాచుకుందామని వచ్చిన జనం ఈలలు వేస్తున్నారు. మూత చూసి ఎక్కించేశాను. మేము కథ చూడం మాస్టారూ, వెలుగు చూస్తాం. కడ్డీ సరిగా మండుతోందా, బొమ్మ వణుకుతోందా, అంతే. సముద్రంలోంచి పొగ లేస్తుంటే అప్పుడనుకున్నా, ఇదేమిటి, మూడో రీల్లోనే పడిపోయాడూ అని!"

"ఆపలేదా?"

"మొదలైన ఆట ఆపకూడదు. ఆపితే కుర్చీలు మిగలవు. ఇంటర్వెల్లో దిగి జనానికి దణ్ణం పెడదామనుకున్నా. దిగి చూస్తే ఒక్కడూ అరవడం లేదు. మంగలి కళ్ళు తుడుచుకుంటున్నాడు!"

జరిగిందేమిటంటే, హీరో మొదట్లోనే సముద్రంలో పడ్డాడు కదా. ఇక ఆ తర్వాత ఆయన బల్ల దగ్గర ఎందుకు కూర్చున్నాడో, ఆకాశం వంక ఎందుకు చూడడో, ఎవరైనా విమానం మాటెత్తితే కాఫీ ఎందుకు తాగుతాడో జనానికి ఇట్టే అర్థమైపోయింది. పాపం, పడ్డవాడు! పదకొండో రీలు చోట సుద్దముక్క పట్టుకుని, గాలిని నమ్మండి అని కొత్తవాళ్ళకి పాఠం చెబుతుంటే, ఏ మంగలైతే కుర్చీ ఎక్కి తిట్టాడో వాడే ముందుకి వంగి ఊపిరి బిగబట్టి విన్నాడు. ఆ తర్వాత పన్నెండో రీల్లో తలకి కట్టెందుకుందని దర్జీ ఒక్కడే అడిగాడట. "పాత దెబ్బరా, వానాకాలం సలుపుతుంది," అని వెనక వరస నుంచి ఎవరో సర్దిచెప్పారు. మరి ఎవరూ అడగలేదు.

"మర్నాటి నుంచి తెలిసే వేశాను," అన్నాడాయన. "మొదటి రోజుది పొరపాటు. మిగతావన్నీ తప్పు. ఆయన తీసిన సినిమాని నేను ఆయన్నడక్కుండా తిరగేశాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన మా ఊరికి తన సినిమా నచ్చిందనుకుంటున్నాడు. ఇప్పుడు వెళ్ళి, అయ్యా నచ్చింది అది కాదు అని ఎలా చెప్పను? చెప్పకుండా సరైన వరసలో వేస్తే, పిల్లలు ఆయన ముందే ఆవులిస్తారు. మూతల వరసలో వేస్తే ఆయన అక్కడే లేచి నిలబడతాడు. ఈ భూమ్మీద మిగిలిన ప్రింటు ఇదొక్కటే. ఏం చెయ్యమంటారు?"

చాలా పుస్తకాలు చదివాను గానీ, వాటిలో ఒక్కటీ ఆ కొండ మలుపులో పనికి రాలేదు. "మీ ఆవిడేమంటుంది?" అన్నాను.

"దానికి తెలీదు. తెలిస్తే తన చేత్తో హాలు పరువు పోయేదని కుమిలిపోతుంది. ఇన్నేళ్ళూ చెప్పలేదు, ఇప్పుడేం చెబుతా?"

ఆవిడ కడిగిన గిన్నెలతో వస్తోంది. ఉత్తరం మళ్ళీ జేబులోకి పోయింది.

నాకు ఎలాగూ గమ్యం లేదు. పెట్టె రెండో కొస పట్టుకుంటానని చెప్పి వాళ్ళతోనే దిగాను. సినిమా బడి రెండంతస్తుల పాత భవనం. మెట్ల కింద సైకిళ్ళు, గోడల నిండా కాగితాలు, వంద కుర్చీల చిన్న హాలు, పైన క్యాబిన్. క్యాబిన్లో పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె ప్రొజెక్టరు తుడుస్తోంది. ఆపరేటరు పెట్టెలు వదిలి ముందు ఆ ప్రొజెక్టర్నే పలకరించాడు, దూరపు చుట్టం భుజం తట్టినట్టు దాని పక్క రేకు మీద తట్టి.

డైరెక్టరు చేతికర్ర మీద ఆనుకుని పైకొచ్చాడు. వెనక పాతికమంది పిల్లలు నోటుపుస్తకాలతో. ఆయన ఆపరేటరు చెయ్యి పట్టుకుని వేళ్ళ మీది మచ్చలు చూశాడు.

"వచ్చావా? ఇక మొదలుపెట్టు."

"అయ్యా, ఒక్కమాట చెప్పాలి," అన్నాడు ఆపరేటరు. మెడ మామూలు కంటే ఎక్కువ వాలింది.

"ఆట అయ్యాక చెబుదువు."

"చెప్పకుండా ఆట వెయ్యలేనండి. ఏ వరసలో వెయ్యమంటారు?"

"ఎన్ని వరసలున్నాయేమిటి?"

"రెండండి. మీదొకటి. మాదొకటి."

డైరెక్టరు కర్ర చివరతో నేల మీద ఒకసారి కొట్టి, "మీదే వెయ్యి," అన్నాడు.

ఆపరేటరు వాలిన మెడ ఎత్తి ఆయన మొహంలోకి చూశాడు.

"ముప్ఫై మూడో రోజున నేను మీ హాలుకి వచ్చానయ్యా," అన్నాడు డైరెక్టరు. "అన్నిచోట్లా చచ్చిన నా సినిమా ఆ ఒక్క ఊళ్ళో ఎందుకు బతికిందో చూద్దామని బెంచీ టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నా. మూడో రీల్లో విమానం పడిపోయింది. లేచి నిలబడ్డా. వెనకవాడు, కూర్చోవయ్యా, తెర కన్నా నీ తలకాయే పెద్దదిగా ఉంది అన్నాడు. కూర్చున్నా. అయ్యేదాకా కూర్చున్నా. పైకొచ్చి నీ కాళ్ళు పట్టుకోవాలో పీక పట్టుకోవాలో తేలలేదు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయా."

"అయ్యా..."

"ఆ తర్వాత నేను తీసిన నాలుగు సినిమాలూ చూడు. నాలుగింట్లోనూ ముందు పడేశాను, తర్వాత లేపాను. నాలుగూ ఆడాయి. పడ్డ సంగతి ముందు చెప్పు, అప్పుడు వాడు ఊరికే కూర్చున్నా జనం చూస్తారు. వీళ్ళకి నేను చెప్పే మొదటి పాఠమదే. ఎవరు నేర్పారంటే ఒక ఆపరేటరు నేర్పాడంటాను. అందుకే పిలిచాను. వీళ్ళకి చెప్పు, ఆ ఆలోచన నీకెలా వచ్చింది?"

పాతిక పెన్నులు పైకి లేచాయి. పెద్దమనిషి అందరి ముందూ పీట వేసి కూర్చోబెడుతున్నాడు, ఎక్కి కూర్చుంటే అడిగేవాడు లేడు. ఆపరేటరు పిల్లల వంక చూశాడు, భార్య వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఆలోచన కాదండి. పొరపాటు. నేనే మూతలు మార్చి పెట్టాను."

"ఆయన కాదు," అంది భార్య, తలుపు దగ్గర నుంచి. "మూతలు పెట్టింది నేను."

ఆపరేటరు గిర్రున తిరిగాడు. "నీకు తెలుసా?"

"నాకు తెలీకేం? ఆ రాత్రి క్యారేజీ తెచ్చినప్పుడు మీరు భోజనం ముట్టకుండా డబ్బాల చుట్టూ తిరుగుతుంటేనే తెలిసింది. మీరు అనలేదు కదా అని నేనూ అనలేదు." ఆవిడ పిల్లల వైపు తిరిగింది. "వానకి తడిసిన డబ్బాలు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి నాయనా. దుమ్ము పడదూ? మూతలు పెట్టాను. నంబర్లు చూడాలని నాకెవరు చెప్పారు? మా ఇంట్లో ఉప్పు డబ్బాకి, పంచదార డబ్బాకి నంబర్లుండవు."

ఒకమ్మాయి ఆ మాట కూడా రాసుకుంది. డైరెక్టరు క్యాబిన్ గోడకి ఆనుకుని, కర్ర జారిపోయేదాకా నవ్వాడు. "నాలుగు సినిమాలు!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నాలుగు సినిమాలు తీశానమ్మా నీ మూతల పుణ్యమా అని!" తర్వాత ఆపరేటరు భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఆట వెయ్యక్కర్లేదు. ఈ అమ్మాయి వేస్తుంది. నువ్వు నా పక్కన కూర్చుని చూడు. ఎప్పుడైనా హాల్లో కూర్చున్నావా?"

"లేదండి."

"రా మరి."

దిగే ముందు ఆపరేటరు పొట్టి జుట్టు అమ్మాయిని దగ్గరికి పిలిచాడు. "ఈ ఒక్క సినిమాకీ మూత మీద నంబరు చూసి ఎక్కించమ్మా. ఇంక జన్మలో మరే సినిమాకీ మూతని నమ్మకు. తెల్ల ఫిల్ము చూడాలి. తెలిసిందా?"

"తెలిసింది తాతగారూ."

వాళ్ళ వెనక వరసలో నేను కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, మూతల వరసలో వేసినా అది గొప్ప సినిమా కాదు. కాఫీలు ఇంకా ఎక్కువే. కానీ సుద్దముక్క పాఠం వచ్చేసరికి పిల్లలు నోటుపుస్తకాలు మూసేశారు. ఒకడు రాయడం మానేసి పెన్ను నోట్లో పెట్టుకుని చూస్తున్నాడు. డైరెక్టరు తెర చూడలేదు, వాళ్ళ మొహాలే చూశాడు. ఆపరేటరైతే ప్రతి రీలు చివరా, తెర మూల నల్లచుక్క మెరవగానే కుడికాలు కదిపి సగం లేచేవాడు, రెండో ప్రొజెక్టరు మీదికి మార్చడానికి. భార్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టేది. పద్నాలుగు రీళ్ళకి పదమూడు సార్లు లేచాడు.

"ఎలా ఉంది?" అని డైరెక్టరు అడగడం వినిపించింది.

"వెలుగు బాగుందండి," అన్నాడు ఆపరేటరు. మళ్ళీ తానే, "సెల్యూట్ చేస్తూ అతను నవ్వుతాడని నాకిప్పటిదాకా తెలీదు. సెల్యూట్ చేసే సమయానికి నేను ఎప్పుడూ కడ్డీలు ఆర్పుతూ ఉండేవాణ్ని," అన్నాడు.

దీపాలు వెలిగాయి. పిల్లలు డైరెక్టరు చుట్టూ మూగారు, ప్రశ్నలు గుప్పించారు. నేను నా సంచి వెతుక్కుని తల ఎత్తేసరికి నా ముందు వరసలో వాళ్ళ రెండు కుర్చీలూ ఖాళీ. క్యాబిన్లో ఉంటారేమోనని పైకెక్కాను. డబ్బాలు వరసగా సర్ది ఉన్నాయి. పద్నాలుగు మూతలూ గట్టిగా పెట్టి ఉన్నాయి. పొట్టి జుట్టు అమ్మాయి ప్రొజెక్టరు మీద గుడ్డ కప్పుతోంది.

"ఇప్పుడే దిగారండి. తాతగారు ఏం మాట్లాడలేదు. బామ్మగారు మాత్రం ప్రతి మూతా ఒకసారి నొక్కి చూసి వెళ్ళారు."

కిటికీలోంచి చూశాను. సాయంత్రపు ఎండలో ఇద్దరూ గేటు వైపు నడుస్తున్నారు. పెట్టెలు లేవు, ఆయన చేతిలో ఉత్త క్యారేజీ. రోడ్డవతల మేం వచ్చిన బస్సే తిరుగు ప్రయాణానికి ఇంజను తిప్పుతోంది. అదే కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి, "ఏం పెద్దాయనా, విమానాలు దింపేశావా?" అని కేకేశాడు.

నేను పిలిచాను. ఆయన తిరగలేదు. ఒక చేత్తో క్యారేజీ ఊపుతూ, మెడ భార్య వైపుకి వాల్చి నడుస్తున్నాడు. గాలి ఇటువైపు ఉండడంతో మాటలు వినిపించాయి.

"ఇరవై ఎనిమిదేళ్ళా? ఒక్కసారైనా అనాలనిపించలేదుటే?"

"మీకు మాత్రం అనిపించిందా? నడవండి, బస్సు కదిలిపోతుంది."

"కదలదు. ఇంకా పావు రీలుంది."